వదినకు వద్దన్న ఇనుము

ఈమధ్య రక్తపరీక్ష చేయించుకుంటే ఒంట్లో రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ ఎర్రటి ఇనుము మాత్రలు రాసింది. తెచ్చి బల్లమీద పెట్టుకున్నాను గానీ మూడు రోజులైనా ఒక్కటీ మింగలేదు. మన వయసు వాళ్లకు మందులంటే విసుగు సహజమే, అయితే నాది విసుగు కాదు, భయం. ఆ రంగు చూస్తే పట్టపగలే ఒళ్లు జలదరిస్తుంది.

ముప్పయ్యేళ్ల కిందట నేను ధర్మవరం నుంచి రోజూ బస్సెక్కి అనంతపురంలో ఒక పరిశోధనశాలకు పనికి పోయేదాన్ని. పట్టుచీరలు నేసే మా వీధిలో అలాంటి ఉద్యోగం చేసే ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి, తలనొప్పి మొదలుకొని పిల్లల దగ్గు దాకా అందరూ నన్నే అడిగేవారు, నేనూ తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేదాన్ని. తెలియదనడం ఆ వయసులో నాకు చేతకాలేదు.

అక్కడ మా మేడం డాక్టరు కూడా, ఆమె పరిశోధన ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి మీద. ఆలుమగల కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే, కంటికి కనిపించని ప్రాణి అది. ఒంటి వేడిమికి సమానమైన వెచ్చదనంలో, గాజుగొట్టాల్లో వాటిని పెంచేవాళ్లం. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని కొరడాలు ఝళిపించుకుంటూ గిలగిలా తిరిగేవి. ఒక వరస గొట్టాల్లో ఇనుప లవణం కలిపి, మరో వరసలో ఉన్న ఇనుమును కూడా లాగేసేవాళ్లం. ఇనుము దొరికినవి విపరీతంగా పెరిగి, మనిషి కణాలను పట్టుకుంటే వదిలేవి కావు. దొరకనివి చస్తాయనుకుంటే, వాటిలో కణాలను అరగదీసే ఒక ఎంజైము జోరందుకునేది. జిగురు పలకను నీలిరంగులో ముంచితే, ఆ ఎంజైము తిన్నచోటల్లా రంగు అంటక ఖాళీ గీతలు తేలేవి. ఎండకు కాకి కూడా అరవని మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని, నోరు కనబడకుండా తిన్న ఆ జాడలు చూస్తుంటే, వెనక ఎవరో నిలబడినట్టుండేది.

అప్పుడు మా వదిన ఐదో నెల గర్భిణి. ఎవరికీ చెప్పుకోలేని బాధ ఒకటి నాకు చెప్పుకుంటే మేడం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నుంచి తీసిన చుక్కలోనూ అవే గిలగిలా తిరుగుతున్నాయి. మేడం వదినకూ అన్నకూ మందు రాసి, వదిన సరేనంటే ఆ చుక్కలో కొంత గొట్టంలో పెంచడానికి ఉంచుకుంది. మందుతో బాధ తగ్గింది. కానీ తిరుగు బస్సులో నేనూరుకోక, ఇనుము దానికి తిండి వదినా, దొరికితే మళ్లీ లేస్తుంది అన్నాను. మేడం చెప్పని మాట అది. ఒక వరస గొట్టాలు చూసి, రెండో వరస మరిచి నేనల్లిన మాట.

వదినకు ఇంట్లోనే కాన్పయింది. ఆడపిల్ల. రక్తం చాలా పోయింది. మా వైపు బాలింతకు గాలి సోకకుండా తలగడ కింద కొడవలి పెడతారు, అమ్మ తన చేతులతోనే పెట్టింది. రెండోరోజు మధ్యాహ్నం నేను గదిలోకి పోయేసరికి కొడవలి మూలన గోడకు ఆనించి ఉంది. వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇదెవరు తీసినారని అడిగాను.

"నేనే తీసేస్తి పాపా. ఇనుము దానికి తిండి అని నువ్వే చెప్తివి గదా. నర్సమ్మ ఇచ్చిన మాత్రలు గూడా ముట్టలేదు. ఆ డబ్బాలో అట్నే ఉండాయి, చూడు."

డబ్బా తీసి చూశాను. నాలుగు నెలల ఎర్రటి మాత్రలు, ఒక్కటీ తగ్గలేదు. జీపు మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే వదిన పోయింది. చూడవచ్చిన ఆడవాళ్లు తలగడ ఎత్తి చూసి, "కొడవలి యాడ పెట్టినావక్కా?" అని అమ్మను అడిగారు. పక్క మార్చేటప్పుడు తానే తీసి మరిచిపోయినానని అమ్మ తల బాదుకుంది. నేను గోడ పక్కనే నిలబడి ఉన్నాను.

పనిలోకి తిరిగి పోయేసరికి వదిన చుక్కతో మొదలైన గొట్టం మబ్బుగా, నిండుగా ఉంది. మనిషి పోయి పదిహేను రోజులైనా అవి వెచ్చగా బతికే ఉన్నాయి. రెండురోజులకొకసారి వాటికి ఇనుము పోయడం నా పని. వదినకు వద్దన్నదాన్ని వాటికి నా చేత్తోనే పోశాను, ఏడాది పాటు.

ఇప్పటి పిల్లలు ఇలాంటి బాధలను సిగ్గుపడకుండా డాక్టరుకే చెబుతున్నారు, మాత్ర ఎందుకు మింగాలో నిలదీసి అడుగుతున్నారు. చూస్తే ముచ్చటగా ఉంటుంది, ఆ వెంటనే వదిన గుర్తొస్తుంది. మా కాలంలో ఆ సిగ్గువల్ల బాధలన్నీ ఇంట్లో నాలుగక్షరాలు వచ్చినదాని చెవిలోనే పడేవి.

కొన్నేళ్లకు నా కాన్పుకు అమ్మ పదకొండు రోజులూ నా మంచం వదల్లేదు. తలగడ కిందికి నా చెయ్యి తీసుకుపోయి ఆ చల్లటి ఇనుముకు తాకించి, "ఈ తూరి మర్సిపోలేదు మ్మా" అంది. నేను ఊఁ అన్నాను. అమ్మ పోయేదాకా అంతకు మించి ఏమీ చెప్పలేదు.