పండు మిరపకాయలూ పైలట్ పరీక్షా

రెండువేల ఇరవై రెండు, డిసెంబరు ఆఖరు. ఎమ్మిగనూరు బస్టాండుకి దగ్గర్లో మన కళ్ళజోళ్ళ షాపు. గవర్నమెంటు ఆసుపత్రిలో కంటి పరీక్షలు చేసి చేసి రిటైరయ్యాక, ఇంట్లో తోచక నేను ఆ షాపులో కూర్చునేదాన్ని. పాపా, నువ్వూ తమ్ముడూ చిన్నప్పుడు ఆ ఎత్తు కుర్చీ ఎక్కి గిరగిరా తిరిగేవాళ్ళు, గుర్తుందా?

పాపా, మొన్న ఫోన్‌లో నువ్వు అడిగావు కదా, డిగ్రీ అయ్యాక మిలిటరీలో ఆఫీసరు కొలువుకి సీడీఎస్ రాయాలా, ఎయిర్‌ఫోర్సుకి ఏఎఫ్‌క్యాట్ రాయాలా అని. అది వినగానే నాకు సుధీర్ గుర్తొచ్చాడు. అతని సంగతి చెప్తాను, తమ్ముడు కూడా వింటాడు.

సుధీర్‌ది గోనెగండ్ల దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి మార్తమ్మ కూలికి పోతుంది. అతను ఆదోనిలో బీఎస్సీ లెక్కలు చదివాడు. ఇంటర్లోనే విమానం నడపాలన్న కోరిక పట్టుకుంది. ఆ రోజు తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. మార్తమ్మ మిరపకోత మధ్యలో వచ్చినట్టుంది, ఆమె లోపలికి రాగానే షాపంతా ఘాటు. చేతిలో చిన్న సంచి.

"డాక్టరమ్మా, మావాడి కండ్లు ఒకసారి సూడు. పైలట్ పరీక్షంట, అద్దాలుంటే తీసుకోరంట," అంది.

"నేను డాక్టర్ని కాదు మార్తమ్మా, పరీక్ష చేసేదాన్ని," అన్నాను. ఎన్నిసార్లు చెప్పినా ఆ పక్క పల్లెలవాళ్ళకి నేను డాక్టరమ్మనే.

బోర్డు మీద అక్షరాలు చదివించాను. ఆఖరి వరుస దాకా తడుముకోకుండా చదివాడు. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. కుర్రాడి మొహం వెలిగిపోయింది. "ఏఎఫ్‌క్యాట్ అప్లికేషనుకి ఈ వారంలోనే ఆఖరు మేడమ్, ఈ పొద్దే కట్టేస్తా," అన్నాడు. సీడీఎస్ నోటిఫికేషన్ కూడా అప్పుడే పడింది కదా, అదెందుకు పెట్టలేదని అడిగాను. "ఆర్మీ నాకొద్దు మేడమ్. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఫ్లయింగు పోతాది," అన్నాడు.

నాకు ఒక అలవాటు ఉండేది. డ్రైవర్లు, రైల్వేవాళ్ళు, పోలీసు ఉద్యోగాలవాళ్ళు ఎవరొచ్చినా కలర్ విజన్ టెస్ట్ చేయకుండా పంపేదాన్ని కాదు. అదొక పుస్తకం. పేజీ నిండా రంగు చుక్కలుంటాయి. ఆ చుక్కల మధ్యలో వేరే రంగు చుక్కలతో ఒక అంకె రాసి ఉంటుంది. రంగులు సరిగ్గా తెలిసేవాళ్ళకి అంకె తేలి కనిపిస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయే కళ్ళకి కనిపించదు, లేకపోతే ఇంకో అంకెలా కనిపిస్తుంది.

మొదటి పేజీ తీశాను. "పన్నెండు" అన్నాడు. రెండోది "ఎనిమిది". పేజీ పూర్తిగా తిప్పకముందే తర్వాతి జవాబు వచ్చేస్తోంది, ఎక్కం అప్పజెప్పినట్టు. నాకు అనుమానం వచ్చింది. పుస్తకం మూసేసి, మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచాను.

సుధీర్ ఆగిపోయాడు. ముందుకి వంగి చూశాడు. "ఇరవై ఒకటి" అన్నాడు.

అక్కడ ఉన్నది డెబ్బై నాలుగు. ఇంకో పేజీ, ఇంకో పేజీ తీశాను. కొన్నిట్లో అసలేమీ లేదన్నాడు.

"ఇంతసేపూ కరెక్టుగా చెప్పినావు కదప్పా, ఎట్ల చెప్పినావు?" అని మెల్లగా అడిగాను.

"వరసగా చూపిస్తే చెప్తా మేడమ్. ఫ్రెండ్సు గ్రూపులో వీడియో వస్తే నేర్చుకున్నా. ఎవరికైనా అంతే కదా, అవి కనపడేవి కావు కదా? అందరూ బట్టీ పట్టేవే కదా?"

ఆ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు. పుట్టినప్పటి నుంచీ తన కళ్ళతోనే చూశాడు, మిగతావాళ్ళకి ఎలా కనిపిస్తుందో అతనికెలా తెలుస్తుంది? ఆ అంకెలు ఎవరికీ కనిపించవని, సిలబస్‌లో ఒక భాగమని నమ్మి నేర్చుకున్నాడు. నేను అక్కడే మార్తమ్మని పిలిచి, "ఈడేముంది?" అని అడిగాను. చదువు రాదు కాబట్టి ఆమె ఆ అంకెల గీతల మీద వేలు పెట్టి గీసి చూపించింది. కొడుకు ఆ వేలి వెంటే చూశాడు. మొహంలో రంగు పోయింది.

మార్తమ్మ తన సంచి విప్పి బల్ల మీద కుమ్మరించింది. నాకోసం తెచ్చిన మిరపకాయలు. "ఇవి ఈడు కోసినవే డాక్టరమ్మా," అంది. పండువాటితో సగం పచ్చికాయలు కలిసి ఉన్నాయి. "సిన్నప్పటి నుంచీ ఇంతే. సేనుగలాయప్ప తిడతాండె. నేనూ తిడతాంటి, కండ్లు యాడ పెట్టుకొని కోస్తాన్నావురా ఎదవా అని. సదువుకున్నోడివి, కూలిపని సేతకాక ఏషాలేస్తాన్నావని గూడా అంటి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నాయనా, కనపడక కోసినావా?"

"నువ్వేం చేస్తావులేమ్మా," అన్నాడు సుధీర్, ఆమె వైపు చూడకుండా. తర్వాత నాకేసి తిరిగి గొంతు తగ్గించి అన్నాడు, "మేడమ్, మీరు చెప్పకుంటే సరిపాయ. ఆడ వరసగా చూపిస్తే నేను చెప్పేస్తా."

"వాళ్ళు వరసగా చూపించరప్పా. ఒకవేళ దాటినావనుకో. చీకట్లో విమానం దించేటప్పుడు కింద దీపాల రంగు చూసి కదా, ఎక్కువ ఎత్తులో ఉన్నావా తక్కువలో ఉన్నావా అని తెలుసుకునేది?"

అతను పుస్తకం మూసి పక్కకి జరిపాడు. తల్లే అంది, "ఆ ఇమానంలో నువ్వొక్కడివే ఉండవు గదరా."

ఫ్లయింగ్ తలుపు మూసుకుందని నాకు తెలుసు. కానీ అంతటితో పంపించడానికి మనసొప్పలేదు. షాపు దీపాలార్పి, టార్చి మీద ఎర్ర కాగితం ఒకసారి, పచ్చ కాగితం ఒకసారి కట్టి ఆ చివర నుంచి చూపించాను. ఎన్నిసార్లు మార్చినా తప్పు చెప్పలేదు. అంటే లోపం మరీ గట్టిది కాదు. చుక్కల్లో కలిసిపోయేవి దీపాల్లో విడిపోతున్నాయి.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. ఆర్మీలో ఆఫీసరు కొలువుకి రంగుల విషయంలో అంత పట్టింపు ఉండదనీ, ఎరుపూ ఆకుపచ్చా దీపాలు గుర్తుపట్టగలిగితే దారి ఉండొచ్చనీ, అయితే ఆఖరి మాట మిలిటరీ డాక్టర్లదే కానీ నాది కాదనీ. సీడీఎస్ ఇంకా మూయలేదు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి ఎటూ చదివాడు, లెక్కలు అతని సబ్జెక్టే. రాతపరీక్ష తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే అయిదు రోజులు అక్కడే ఉంచుకుని మనిషిని పరీక్షించే ఇంటర్వ్యూ, అది రెండు దారులకీ ఉంది. ఏఎఫ్‌క్యాట్‌లో కూడా గ్రౌండ్ డ్యూటీ అని నేలమీది ఉద్యోగాలున్నాయి, వాటికి రంగుల లెక్క వేరే, అది నోటిఫికేషన్‌లో చూసుకోమన్నాను.

"నేల మీద ఉంటేనే మేలప్పా," అంది మార్తమ్మ. "నువ్వు పైన తిరుగుతాంటే నాకు నిద్దర పడతాదా?"

సుధీర్ లేచి మెట్లు దిగిపోయాడు. ఆమె మిరపకాయలు అక్కడే వదిలేసి వెనకే పరిగెత్తింది. ఆ సాయంత్రం వాటిని ఏరుతూ కూర్చున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎందరికో చూపు తగ్గిందని చెప్పాను కానీ, ఇలా ఒకరి ఆకాశాన్ని నా చేత్తో తీసేసిన గుర్తు లేదు.

తర్వాత చాన్నాళ్ళు కబురు లేదు. మార్తమ్మ ఒకసారి దారిలో కనపడి చెప్పింది, నాలుగు దినాలు తిండి తినలేదనీ, ఆఖరు తేదీ రోజు పొద్దున్నే లేచి సీడీఎస్ కట్టి వచ్చాడనీ. రాతపరీక్ష దాటాడు. మొదటి ఎస్‌ఎస్‌బీలో తిప్పి పంపేశారు. మళ్ళీ రాశాడు. రెండోసారి తీసుకున్నారు. ఇక మిగిలింది మెడికల్.

మెడికల్ జరిగిన సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, పుస్తకం తెరిచినారు. డెబ్బై నాలుగు పేజీనే వచ్చింది."

"ఏం చెప్పినావప్పా?"

"ఇరవై ఒకటి అని చెప్పినా. ఈడ డెబ్బై నాలుగు ఉంటాదని నాకు తెలుసు సార్, నాకు కనపడేది మాత్రం ఇరవై ఒకటే అన్నా. ఆయన నన్ను శానాసేపు చూసినాడు. మళ్ళా చీకటి గదిలోకి తీసకపోయి దీపాలు చూపించినాడు, మీరు టార్చితో చూపించినట్లే." తర్వాత అసలు సంగతి చెప్పాడు, "ఫిట్ అని రాసినారు."

ట్రైనింగు నుంచి మొదటి సెలవుకి వచ్చినప్పుడు తల్లితో పాటు చేలోకి పోయాడట. మార్తమ్మ కాయని వేళ్ళతో నొక్కి చూడటం నేర్పించింది, పండింది మెత్తగా ఉంటుంది కదా. ఆ కాయలే నాకు సంచి నిండా పంపారు. వెతికి వెతికి చూశాను, ఒక్క పచ్చికాయ లేదు.

అందుకని పాపా, ఏ పరీక్ష గొప్పదని నన్ను అడక్కు. నువ్వు సీడీఎస్ అంటే ఆడపిల్లలకి ఓటీఏ, అదే ఆర్మీ ఆఫీసర్ల ట్రైనింగు అకాడమీ, ఆ దారి ఉంది, దానికి లెక్కల పేపరు ఉండదు. ఏఎఫ్‌క్యాట్ అంటే ఒకటే పేపరు, అందులో లెక్కలూ ఉంటాయి. అవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. పుస్తకాలు కొనకముందు మాత్రం మీ ఊళ్ళో ఒక కంటి ఆసుపత్రికి పో. రంగుల పుస్తకం తీసినప్పుడు, వరసగా కాకుండా ఎక్కడో ఒకచోట తెరవమని నువ్వే అడుగు. ఏది కనపడితే అదే చెప్పు. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి, దారి ఇద్దరం కలిసి చూద్దాం.