డ్రయ్యరు షెడ్డులో ముక్కుబాబు

మధ్యాహ్నం రెండు దాటింది. మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. గాలి ఆడక రేకుల షెడ్డు మూత పెట్టిన కుండలా ఉంది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. లారీ మీద లారీ వచ్చి తిండికి ఆలస్యమైంది. ఓ మూల కూలబడి, గిన్నె తెరిచి సగం తినేశాను. అప్పుడు ఎవరో కళ్ళజోడు మనిషి గుమ్మంలోంచి నేరుగా నా దగ్గరికొచ్చాడు. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. వంగి నా గిన్నెలో ముక్కు పెట్టాడు.

"బాబాయ్, ఇక తినకండి. కూర పాడైంది" అన్నాడు.

ముక్కుబాబంటే ఆయనే. ఆయనకున్న గుణం ఒక్కటే, ఎదురుపడ్డదల్లా వాసన చూడ్డం. చూసి ఊరుకున్నా బాగుండేది. ఏం వాసనో షెడ్డంతా వినబడేట్టు చెప్పేవాడు కూడా.

మాది యూనివర్సిటీ వాళ్ళ విత్తనాల షెడ్డు. పొలాల నుంచి పచ్చి గింజ వస్తే డ్రయ్యర్లో పోసి, వేడిగాలి తోలి ఆరబెట్టాలి. ఆ డ్రయ్యరు దగ్గర మనిషిని నేను. ఆయనేమో వ్యవసాయ ఇంజినీరింగులో డిగ్రీ అయిపోయి, ఆ పైన పెద్ద చదువు చదువుతున్నాడు. గింజ ఎండడం మీద పరిశోధనట. నేను బలపం పట్టడం సరిగ్గా రాకముందే బడి మానేసినవాణ్ణి. ఎండడానికి కూడా చదువుంటుందని అప్పుడే విన్నాను.

డ్రయ్యరు పని చెప్పాలి, లేకపోతే నా గోడు అర్థం కాదు. వేడి ఎక్కువైతే గింజ లోపల ప్రాణం పోతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, నాటితే మొలవదు. రంగు మారాక చూసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దానికన్నా ముందు వాసన మారుతుంది. కాబట్టి అక్కడ నిలబడేవాడికి కావాల్సింది ముక్కు.

నాకు లేనిది అదే. ముఖం మీద ఉంది గానీ పని చెయ్యదు. ఇన్నేళ్ళ పొట్టు దుమ్ముకి సన్నగిల్లుతూ వచ్చింది, కిందటేడు జ్వరమొచ్చి ఆ కాస్తా పట్టుకుపోయింది. సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. మా షెడ్డు మేస్త్రికి తెలిస్తే నన్ను బస్తాల మోతకి తోస్తాడు. నా నడుముకి ఆ మోత పడదు. పడకపోతే ఇంట్లో కూర్చోవాలి. నేను కూర్చుంటే మా ఇంట్లో పొయ్యి కూడా కూర్చుంటుంది.

అలాంటి రోజుల్లో దిగాడు ముక్కుబాబు. లారీ ఆగితే టార్పాలిన్ వాసన చూసేవాడు. "ఇది దారిలో తడిసింది." తడవలేదని డ్రైవరు తల్లి మీద ఒట్టేసేవాడు. బస్తా విప్పితే అడుగున చెమ్మ. ఖాళీ గోనెసంచి ఎత్తి "ఇందులో ఎలుక కాపురం పెట్టింది" అనేవాడు. మేస్త్రి టీ గ్లాసు మీద కూడా వంగి, పాలు విరగబోతున్నాయని చెప్పాడు. మేస్త్రి ఆ గ్లాసు తాగలేకపోయాడు, పారబొయ్యలేకపోయాడు.

డ్రైవర్లకి ఆయనో కాలక్షేపం. ఈయన్ని అత్తరు కొట్టుకి తీసుకెళ్తే కొట్టువాడు షాపు కట్టేసి సన్యాసం పుచ్చుకుంటాడని ఒకడు. అందరూ కళ్ళతో చదివితే ఈయన ముక్కుతో చదువుతున్నాడు, అందుకే ఇంకా పాసవలేదని ఇంకొకడు. ఆయన ఎదుటే అనేవాళ్ళు. చెవులు ఎర్రగా అయ్యేవి గానీ మారు మాట అనేవాడు కాదు. మర్నాడు మళ్ళీ అదే వరస. ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ, "ఆ ముక్కుని మనింటికి మాత్రం తీసుకురాకు. మంచం కింద ఏముందో నాకే తెలీదు" అంది.

డ్రయ్యరు దగ్గరైతే మరీను. కిటికీ తలుపు తెరవడం, ముక్కుపుటాలు ఎగరేసి పీల్చడం, గోడకి చెప్తున్నట్టు గట్టిగా చెప్పడం. పచ్చివాసన పోలేదంటే నేను మంట అలాగే ఉంచేవాణ్ణి. వేపుడు వాసన అంటే చెయ్యి మంట తగ్గించే మర మీదకి పోయేది.

"నేనూ అదే అనుకుంటున్నా బాబూ" అనేవాణ్ణి, పరువు కోసం.

"మీరు అనుకుంటున్నారనే అన్నా బాబాయ్" అనేవాడు.

పుట్టుకతో వచ్చిన పిచ్చి, నా అదృష్టం కొద్దీ నా షెడ్డుకొచ్చింది అనుకున్నాను. దేవుడు నా ముక్కు తీసుకెళ్ళి ఈయనకి అదనంగా పెట్టాడు కాబోలు అని కూడా అనుకున్నాను.

ఒకసారి ఆయనకి కాలేజీలో ఏదో పరీక్ష పడి కొన్నాళ్ళు రాలేదు. ఆ మధ్యలో ఆరబెట్టిన గింజని మొలకకి వేస్తే సగానికి సగం కళ్ళు తెరవలేదు. మేస్త్రి నా వంక అదోలా చూడ్డం మొదలెట్టాడు. ముక్కుబాబు తిరిగొచ్చిన రోజే మేస్త్రి నన్ను పిలిచాడు. రెండు చేతుల్లో రెండు గుప్పిళ్ళ గింజ.

"ఇందులో ఒకటి మాడింది, ఒకటి మంచిది. వాసన చూసి చెప్పవయ్యా" అన్నాడు.

రెండూ ఒకేలా ఉన్నాయి. వంగి పీల్చాను. నాకు గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఇంతలో పక్క నుంచి ఒక ముక్కు వచ్చి గుప్పిళ్ళ మధ్య దూరింది.

"ఎడం చేతిది మాడింది మేస్త్రిగారూ. కుడి చేతిది బ్రహ్మాండం."

"నిన్నెవరడిగారయ్యా" అన్నాడు మేస్త్రి, నమలలేక మింగలేక.

"అలవాటండి. ఎదురుగా ఉంటే ఆగలేను" అన్నాడాయన తల దించుకుని. డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. మేస్త్రి గింజ విదిలించేసి, ఈయన లేనప్పుడు చూస్తాను నీ సంగతి అని నాకు మాత్రం వినబడేట్టు అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను తిననివ్వలేదు. చదువు అయిపోతే ఆయన వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నాకు ముక్కెవరు?

కొన్నాళ్ళకి ఆయన ఒక పెట్టె పట్టుకొచ్చి డ్రయ్యరుకి బిగించడం మొదలెట్టాడు. గింజ మీంచి వచ్చే గాలిని ఒక గొట్టం పీలుస్తుంది, లోపలేవో చిన్న చిన్న బిళ్ళలు దాన్ని పసిగడతాయి. మాడడం మొదలయ్యే ముందే ఎర్రదీపం వెలుగుతుంది. ముక్కుబాబు డ్రయ్యరుకి ముక్కు కుట్టిస్తున్నాడని ఊరంతా నవ్వు. మొదట్లో ఆ పెట్టె ఎవరో బీడీ కాలిస్తే వెలిగేది, నిజంగా మాడితే నిద్రపోయేది. విప్పేవాడు, మళ్ళీ కట్టేవాడు. నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. అయినా షెడ్డులో అడుగు పెట్టగానే వాసన చూడ్డం మానలేదు.

చివరికి పెట్టె దారికొచ్చింది. దాన్ని చూసి ఆయనకి పట్టా ఇవ్వాలో వద్దో తేల్చడానికి పెద్ద సార్లు షెడ్డుకే వచ్చారు. ఒకరు ఆయన ప్రొఫెసరు గారు, ఇంకొకరు పైనుంచి వచ్చిన పరీక్షాధికారి. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. నేను మర దగ్గర ఉన్నాను.

అంతా చూశాక పరీక్షాధికారి అడిగాడు. "బాగుందయ్యా. కానీ ఇక్కడ అనుభవం ఉన్న మనిషి ఉన్నాడు. ఆయన ముక్కు ఉండగా నీ పెట్టె దేనికి?"

గుప్పిళ్ళ రోజున నా సంగతి ముక్కుబాబు పసిగట్టే ఉంటాడు. పట్టా రావాలంటే నిజం చెప్పాలి. చెప్తే ఈ పూటతో నా పని సరి. ముక్కుబాబు నా వైపు చూడలేదు.

"మనిషి ముక్కు అలిసిపోతుంది సార్. పొద్దుటి నుంచీ ఇక్కడే నిలబడితే ఎవరికైనా తెలీడం మానేస్తుంది. ఈ దుమ్ముకైతే అసలే పోతుంది. అది మనిషి తప్పు కాదు, షెడ్డు తప్పు. మర ఎప్పుడు తిప్పాలో, ఎంత తిప్పాలో పెట్టెకి రాదు. దానికి బాబాయే కావాలి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"నిజమేనండి" అన్నాడు మెల్లిగా. "నాకైతే ఎప్పుడో పోయింది."

నేను మేస్త్రి వంక చూశాను. మేస్త్రి పైన రేకుల వంక చూశాడు. ఆ రోజు రెండు గుప్పిళ్ళు పట్టుకుని నన్ను పరీక్ష చేసిన మనిషి. ఏ చేతిలో ఏదుందో ఆయనకీ తెలీదన్నమాట. మా ఇద్దరికీ జవాబు చెప్పినవాడు ముక్కుబాబు.

పరీక్షాధికారి తల ఊపి సంతకం పెట్టాడు. అందరూ బయటికి నడుస్తుంటే నేను ప్రొఫెసరు గారితో, "ఆయనకి వాసన పిచ్చి కదండి, అందుకే వాసన చూసే పెట్టె చేశాడు" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. "ఎవరికి పిచ్చి?"

నేను చెప్పాను. టార్పాలిను, గోనెసంచి, మేస్త్రి టీ. ఆయన నమ్మలేదు. తన ల్యాబు నిండా కుళ్ళిన గింజేననీ, అక్కడ ఆ కుర్రాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరుగుతాడనీ, మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడే రకమనీ అన్నాడు.

"ఈ పెట్టె కూడా ముందు అనుకున్నది కాదు. వేరే పని సగం చేసి, ఈ షెడ్డుకి రావడం మొదలెట్టాక అది వదిలేసి ఇది చేస్తానన్నాడు. ఏడాది వెనకబడతావన్నాను. పర్లేదన్నాడు. ఎందుకో చెప్పలేదు" అన్నాడు.

నాకు మొదటి రోజు గిన్నె గుర్తొచ్చింది. పాడైన కూర సగం తినేసినవాడికి ముక్కు లేదని ఆ కుర్రాడికి ఆనాడే తెలిసిపోయింది.

తర్వాత రెండు మూడు రోజులకి ముక్కుబాబు సామాను తీసుకోవడానికి వచ్చాడు. డ్రయ్యరు నడుస్తోంది. తీగలు చుట్టుకున్నాడు, స్క్రూలు డబ్బాలో వేసుకున్నాడు. పెట్టె మాత్రం ఉంచేశాడు. లారీ పక్క నుంచి వెళ్ళాడు, టార్పాలిన్ ముట్టుకోలేదు. డ్రయ్యరు దగ్గర ఆగి నిలబడితే ఇప్పుడు పీలుస్తాడు, ఇప్పుడు చెప్తాడు అని అందరం చూశాం. ముక్కు కదల్లేదు. అప్పుడే ఎర్రదీపం వెలిగింది. నేను మంట తగ్గించాను. ఆయన నా చేతి వంక చూశాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు, గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ అంత వాగి, వెళ్ళేటప్పుడు ఒక్క మాటైనా చెప్పలేదని డ్రైవర్లు సణిగారు. మేస్త్రి వాళ్ళని కసిరాడు. నేను ఎర్రదీపం వంక చూశాను. ఇక చెప్పాల్సిన అవసరం లేదని ముక్కుబాబుకి తెలిసిపోయింది. సహజంగా మాట తక్కువ మనిషి, పాపం. ఇన్నాళ్ళకి కాస్త నోటికి విశ్రాంతి దొరికింది.