రెండు నలభైకి తెరుచుకునే గేటు

2002 జూలైలో నేను పటాన్‌చెరులో కంట్రోలర్లు తయారుచేసే ఒక కంపెనీలో సీనియర్ సర్వీస్ ఇంజనీర్‌ని. మా సరుకంతా ఫ్యాక్టరీలకే. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, గేటు నడిపే పెట్టెలు నాలుగైదు అమ్మి ఉంటాం, అంతే. వాటిలో ఒకదాన్ని పోతిరెడ్డిపల్లిలో ఆనంద్ అనే ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు తన ఇంట్లో స్వయంగా బిగించుకున్నాడు. ఫస్ట్ షిఫ్టుకు వెళ్లి, ప్లాంటులోనే గుండెపోటుతో పోయాడు. నాలుగు నెలల తర్వాత, గేటు దానంతటదే తెరుచుకుంటోందని అతని భార్య సుజాత ఫిర్యాదు చేసింది. ఆమె స్కూలు టీచరు.

"ఇది ఆగకుంటె నేను ఈ ఇంట్ల ఉండ సార్. అత్తమ్మనేమో నా కొడుకు డ్యూటీ దిగి వస్తుండు, ఇల్లు ఇడిసి రానంటది. ఆమెనొక్కదాన్నే ఇడిసి ఎట్ల పోవాలె?" అన్నది.

కంప్యూటర్ ఆనంద్ గదిలో ఉంది. అత్తగారు ఎవరినీ ముట్టనివ్వకపోవడంతో నాలుగు నెలలుగా నడుస్తూనే ఉంది. దాని నుంచి పెట్టెకు ఆజ్ఞలు మోసేది తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్. దాన్ని బోరు మోటారు వైరు పక్కనుంచే లాగారు. చూడగానే లోలోపల నవ్వుకున్నాను. మోటారు కరెంటు రొద ఈ తీగలోకి దూరి పెట్టెను తికమక పెడుతోంది, ఇంకేముంది! కొత్త కేబుల్ వేరే దారిలో వేసి, టీ తాగుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండు నలభైకి గేటు తెరుచుకుంది. కాసేపటికి వరండా ఫ్యాన్ తిరిగింది. ఆ తర్వాత ఆనంద్ గదిలో లైటు వెలిగింది. బయటి నుంచి మనిషి నడిచి వచ్చినంత వ్యవధి ఉంది వాటి మధ్య. అత్తగారు చెంబుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర పెట్టి, "వచ్చినవా బిడ్డా" అన్నది. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

రొద దూరితే తీగలో చెత్త అక్షరాలు వస్తాయి కానీ, మూడు సరైన ఆజ్ఞలు వరుసగా రావు. రోజూ ఇదే టైమా అని సుజాతను అడిగాను. వారం వారం మారుతుందట. పోయిన వారం రాత్రి పది నలభై, అంతకుముందు పొద్దున ఆరు నలభై. రెండింటికి, పదింటికి, ఆరింటికి షిఫ్టు దిగినవాడు ఇల్లు చేరే టైములవి; కంపెనీల్లో పనిచేసినవాడికి అంతకంటే చెప్పక్కరలేదు. కంప్యూటర్‌లో వెతికితే దొరికింది. ఆనంద్ తన షిఫ్టు చార్టంతా ప్రోగ్రాంలో రాసుకున్నాడు, ఎప్పుడు ఆగాలో మాత్రం రాయలేదు.

తీసేయమంటారా అని అడిగాను. సుజాత అత్తగారి వైపు చూసింది. "నేనే తీస్త సార్" అని మీట నొక్కింది.

మరుసటి వారం ఫోన్ చేశాను. గేటు ఆగింది, తను ఇల్లు మారడం లేదు అన్నది. అది నైట్ షిఫ్టు వారం. పొద్దున ఆరు నలభైకి అత్తమ్మే లేచి, చేత్తో గేటు తీస్తున్నదట.

తీగ ముట్టే ముందు ఆజ్ఞ ఎక్కడ పుట్టిందో చూడాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. సర్వీస్ రిపోర్టులో 'కనుగొన్న లోపం' అనే గడి ఉంటుంది. అందులో 'లేదు' అని రాసి సంతకం పెట్టాను.