విమల బాయి సంచిలోని రిజిస్టరు

మొన్న అక్కల్‌కోట్ రోడ్డు మీద సిటీ బస్సులో వస్తుంటే, పక్క సీటావిడ ఒళ్ళో పెట్టుకున్న గోనెసంచిలోంచి తడిపిన బీడీ ఆకు వాసన వచ్చింది. కిటికీ తెరిచే ఉన్నా నాకు ఊపిరాడలేదు. చెడ్డ వాసనేం కాదు, నేను పుట్టి పెరిగిందే ఆ వాసనలో. అయినా ఇప్పటికీ అది ముక్కుకు తగిలితే ముందు భయం వస్తుంది, ఆ వెనకే విమల బాయి గుర్తొస్తుంది. మా సోలాపూర్‌లో ఆడ టీచర్లను బాయి అంటాం. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత మనిషి కాదు. పొట్టిగా, సన్నగా ఉండేది. క్లాసులో బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కేది. అంత పిరికి మనిషి మాకు చదువేం చెబుతుందని మేం పిల్లలం వెనక నవ్వుకునేవాళ్ళం.

నీలం నగర్‌లో మాది ఒక్క గది ఇల్లు. నాన్న పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు. నాకు పదేళ్ళప్పుడు పోయాడు. అమ్మ బీడీలు చుట్టేది, నేను బడి నుంచి రాగానే పక్కన కూర్చుని వాటి మూతులు మడిచేదాన్ని. చిన్న వేళ్ళకు ఆ పని బాగా వస్తుందని అందరూ మెచ్చుకుంటుంటే మురిసిపోయేదాన్ని కూడా. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి అమ్మకు చూపు మందగించింది. నా పేరు మీద బీడీ కార్మికుల కార్డు ఉంటే పని ఆగదని ఎవరో చెప్పారు. కార్డుకు పద్దెనిమిదేళ్ళు నిండాలి. అప్పుడే మా గల్లీలోకి ఆధార్ క్యాంపు వచ్చింది. మా దగ్గర ఏ కాగితమూ లేదంటే, వాళ్ళు నోటి మాటగానే వయసు రాసుకున్నారు. అమ్మ పద్దెనిమిదని చెప్పింది. మా గల్లీలో చాలామంది తల్లులు చేసిన పనే అది.

"నాలుగేండ్లు ఎక్కువ రాస్తే ఏం బరువైతదే" అని నవ్వింది. నేనూ నవ్వాను.

నెల తిరక్కముందే నన్ను కోడలిగా చేసుకుంటానని భివండి నుంచి మేనత్త వచ్చింది. ఆమె కొడుకు నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద, అక్కడే మగ్గాల మీద పనిచేసేవాడు. "కాగితం మీద పద్దెనిమిదైనంక ఇంక అడ్డమేముంది వదినా? కోర్టుకు పోయినా చెల్లుతది" అంది. అమ్మ దగ్గుతూ నా వైపు చూసింది. "నాకేమన్నైతే నిన్నెవరు చూస్తరే అంబూ?" అంది. మేనత్త చెడ్డ మనిషి కాదు. అమ్మ అసలే కాదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉండేది. బడి మాన్పించారు. తలుపు చప్పుడైతే చాలు, నన్ను తీసుకుపోవడానికే వచ్చారనుకునేదాన్ని.

మూడు రోజులు బడికి పోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం విమల బాయి వచ్చింది. పిల్లలతో పని చేయిస్తే పట్టుకునే ఇన్‌స్పెక్టరేమోనని అమ్మ బీడీల చేట మీద చద్దరు కప్పేసింది.

"అంబిక బడికొస్తలేదేంది నర్సక్కా?"

"పెండ్లి కుదిరింది బాయీ. మీరు గూడ రావాలె."

"దానికి పద్నాలుగే గదా?"

"పద్దెనిమిది. కార్డు సూస్తరా?"

బాయి కార్డు చూసింది. నన్ను చూసింది. అమ్మ ఇచ్చిన నీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టింది. లేచి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళిన దిక్కే చూస్తూ, ఇక నాకెవరూ లేరనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట ఆవిడను అసహ్యించుకున్నాను.

నాకు పసుపు పూసే రోజు పొద్దున గల్లీ మొదట్లో జీపు ఆగింది. ఒక ఆఫీసరమ్మ, ఒక ఆడ పోలీసు, వాళ్ళ వెనక సంచి గుండెకు అదుముకుని విమల బాయి. మేనత్త నా చెవిలో, "నిజం చెప్తివా, మీ అమ్మను జైల్ల ఏస్తరు" అంది. ఆఫీసరమ్మ కార్డు చూసి, నీ వయసెంతమ్మా అని మరాఠీలో మెల్లగా అడిగింది. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అఠరా" అన్నాను. పద్దెనిమిది. నన్ను కాపాడటానికి వచ్చినవాళ్ళకు నేను చెప్పిన మాట అది.

ఆఫీసరమ్మ బాయి వైపు తిరిగింది. బాయి సంచిలోంచి బడి రిజిస్టరు తీసింది. హెడ్‌మాస్టరు వద్దన్నా ఆయనకు తెలియకుండా తెచ్చిందని తర్వాత తెలిసింది. అప్పటికే జనం గుమిగూడారు. "మన కులంల పుట్టి మన ఇంటి మీదికే పోలీసుల తెచ్చినవా?" అని ఎవరో అరిచారు. ఆవిడ రిజిస్టరు తెరిచింది. అమ్మతోనే మాట్లాడింది.

"నర్సక్కా, దీన్ని ఒకటో తరగతిల ఏసేటప్పుడు నువ్వేం చెప్పినవ్? నూలి పున్నం నాడు మార్కండేయ రథం మన గల్లీ ముంగట ఆగిన పూట పుట్టిందన్నవ్. నేనే రాసిన, ఇగో. కాగితం మాట ఇడిసిపెట్టు. ఆ రథం ఎనక ఎన్ని రథాలు పోయినయో చెప్పు."

మా పద్మశాలీలకు మార్కండేయుడు కులదైవం. ఏటా శ్రావణంలో నూలి పున్నమికి ఆయన రథం ఊరంతా తిరుగుతుంది. పుట్టుకలు, చావులు, కొత్త మగ్గం పెట్టిన ఏడు, అన్నీ మేం రథాలతోనే లెక్కపెట్టుకుంటాం. సర్కారు కాగితంలో అమ్మ ఏదైనా రాయించగలదు. రథం పేరెత్తి అడిగాక అబద్ధమాడలేకపోయింది. చీర కొంగు కింద వేళ్ళు మడుస్తూ రథాలు లెక్కపెట్టింది.

"పద్నాలుగు" అని అక్కడే కూలబడింది.

బడి రిజిస్టరు ఉన్నప్పుడు చట్టం ముందు దాన్నే చూస్తుందని ఆఫీసరమ్మ అందరికీ చెప్పింది. పెళ్ళి ఆగింది. మర్నాడు బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్ళేటప్పుడు అమ్మ చెయ్యి వదలకుండా పట్టుకున్నాను, అటునుంచి అటే జైలుకు తీసుకెళ్తారని. తీసుకెళ్ళలేదు. పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చేయనని అమ్మతో రాయించుకున్నారు. తండ్రి లేని పిల్లల చదువుకు సర్కారు సాయం ఉందని చెప్పి, ఆ ఫారం కూడా వాళ్ళే నింపారు. కానీ బాయి ఇంటి కిటికీ అద్దాలు ఎవరో పగలగొట్టారు. రిజిస్టరు బయటికి తెచ్చినందుకు మెమో ఇచ్చారు. చాలా రోజులు ఆవిడ మా గల్లీ తప్పించుకుని చుట్టూ తిరిగి బడికి వచ్చేది.

నేను టీచరునయ్యాక దాజీ పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ అప్పటికి రిటైరయింది. ఆ రోజు భయం కాలేదా బాయీ అని అడిగాను.

"కాలేదంటే నమ్ముతవా? జీపుల కూసున్నంక దిగి ఉరుకుదామనుకున్న." లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది. "నీకన్న రెండేండ్ల ముందు ఇంకొక పిల్ల ఉండె, అంబూ. గిట్లనే బడి మానింది. నాకు ఎర్కనే. జనం ఏమంటరో అని భయపడి పోలే."

"ఎవరు బాయీ?"

"మీ గల్లీల సరోజ."

సరోజ మాకు నాలుగిళ్ళ అవతల ఉండేది. పదిహేనేళ్ళకు తొలి కాన్పులోనే పోయింది. ఆ మాట విన్నప్పటినుంచి, నా క్లాసులో ఏ ఆడపిల్లయినా రెండు రోజులు రాకపోతే నాకు కాలు నిలవదు. వాళ్ళింటి తలుపు కొట్టేటప్పుడు నా చెయ్యి వణుకుతుంది. తలుపు తీసిన తల్లి నన్ను చూసి భయపడుతుంది. ఇద్దరం భయపడుతూనే మాట్లాడుకుంటాం.

సరోజ పెళ్ళికి నేనూ వెళ్ళాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. గల్లీలో పందిరి వేశారు, అందరం నవ్వుకుంటూ వరసగా కూర్చున్నాం. పీటల మీద ఆమె ఏడుస్తుంటే, పుట్టింటి మీద బెంగ అన్నారు. బూందీ చాలా బాగుంది. నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.