మామ్మ తిన్నగా చూసిన ఫోటో

మా మామ్మ అసిరమ్మ ఒక్కసారి కళ్ళెర్రజేస్తే బంగాళాఖాతం మా నౌపడ ఉప్పుమడుల దాకా నడిచొచ్చి, ఉప్పు అప్పజెప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. నమ్మకపోతే మానండి. ఫోటోలు తీసే గిరిబాబు గారు కూడా మొదట నమ్మలేదు.

ఆయన విశాఖపట్నం నుంచి వచ్చారు. వలస కూలీల కష్టాలు ఫోటోలు తీసి ప్రదర్శన పెడతారట. పన్నెండేళ్ళు మద్రాసులో ఇటుకలు మోసి, ఇప్పుడు ఉప్పుమడుల్లో తట్ట మోస్తున్న మామ్మ ఆయన కంటబడింది. కబురందగానే మామ్మ పెట్టెలోంచి పచ్చ చీర తీసి కట్టుకుంది. మొహానికి పౌడరు మెత్తుకుని మడి గట్టున నిలబడింది.

"అమ్మా, రోజూ కట్టుకునే చీర కట్టుకోండి. కెమెరా వైపు చూడకండి. నేనిక్కడ లేననుకోండి," అన్నారాయన.

"నువ్వు నేవనుకుంటే నానెవల కోసం నిలబడాల బాబూ?" అంది మామ్మ.

కెమెరా వైపే చూడాలన్న ఈ పంతానికి కారణం మా తాత లక్ష్ముడు. ఆయన మద్రాసులోనే జ్వరంతో పోయాడు. మిగిలింది ఒక్కటే ఫోటో, శ్లాబు వేసిన రోజు మేస్త్రి తీసిన గుంపు ఫోటో. అందరూ ముందుకు చూస్తుంటే తాత ఒక్కడూ పక్కనున్న టీ బండిని చూశాడు. స్టూడియో అతను తాతను గుంపులోంచి విడదీసి, పెద్దవాణ్ణి చేసి, కోటు కూడా తొడిగాడు గానీ మెడ మాత్రం తిప్పలేకపోయాడు. ఏటా పోయిన పెద్దలకు ఆకు వేసే రోజున ఫోటో ఎదురుగా వడ్డిస్తే, తాత చూపు మా బియ్యం డ్రమ్ము మీద ఉంటుంది. అందుకని మామ్మ ఆకును డ్రమ్ము దగ్గరికి జరుపుతుంది. రేపు తను పోయాక మేము కూడా ఇలాగే ఆకు పట్టుకుని ఇల్లంతా తిరగాలేమోనని ఆమె బెంగ.

"నువ్వు సెప్పినట్టే పాత కోక కడతాను, తట్ట ఎత్తుతాను, ఏడుపు మొకం కూడా ఎడతాను. ఆకర్న నాకొక్కటి తిన్నగా తియ్యాల," అని బేరం పెట్టింది.

ఆయన సరేనన్నారు. మామ్మ పాత చీరకు మారి, నెత్తిన ఉప్పు తట్టతో గట్టు మీద పద్నాలుగుసార్లు నడిచింది. "ఇంకొక్కసారమ్మా," అనగానే ఆగిపోయింది.

"ఈపాలి నువ్వు మొయ్యి బాబూ. మా కష్టం నీకూ తెలస్తాది," అంటూ తట్ట తీసి ఆయన నెత్తినెట్టింది.

నేను లెక్కపెట్టాను, నాలుగడుగులు. ఐదో అడుగుకి తట్ట ఒకవైపు, గిరిబాబు గారు ఒకవైపు. మెళ్ళో కెమెరా తడవకుండా పైకెత్తి పట్టుకుని ఆయన బురదలో కూర్చుండిపోయారు. ఎదురుగా నిలబడి మామ్మ పగలబడి నవ్వింది. ఆయన మంచి మనిషి, అలా కూర్చునే ఫోటో నొక్కారు.

పదిహేను రోజులకు ఫోటో పోస్టులో వచ్చింది. చూపు తిన్నగా ఉంది, పేచీ లేదు. కానీ ఉన్న పళ్ళన్నీ బయటే.

తొమ్మిదిలో బడి మానేసినా నాకు నోరు తక్కువ కాదు. "దండేసే ఫోటోలో ఇలగ ఇకిలిస్తే వచ్చినోల్లు ఎలగ ఏడుస్తారే మామ్మా? ఇప్పుడే గోడకి తగిలించీనా?" అన్నాను.

"పెట్టెలో ఎట్టెహె! నానిప్పుడే గోడెక్కితే నీకు కూడెవలొండుతారే?" అంది మామ్మ.