వీపు తొక్కించుకుంటే పోతుందనుకున్న నొప్పి

ఏడో తరగతి మూడుసార్లు తప్పి బడి మానేశాను. అందరికంటే ముందు నేను పాసైంది ఒక్కటే: యాభై దాటాక రావాల్సిన గుండెపోటును ఇరవై తొమ్మిదికే తెచ్చుకున్నాను.

నాచారంలో ఒక ప్లాస్టిక్ కంపెనీ గోడౌన్‌లో బస్తాలు ఎత్తేవాణ్ని. ఉండేది ఉప్పల్‌లో, నేనూ నా భార్య స్వరూపా. ఒకరు ఒక బస్తా మోస్తే నేను రెండు మోసి చూపించేవాణ్ని. దవడలో గుట్కా, చేతిలో చాయ్, రోజుకు నాలుగైదు గంటల నిద్ర. ఇంత పైల్వాన్‌కు రోగమేంటి అనుకునేవాణ్ని.

ఆ రోజు పొద్దున పది గంటల చాయ్ తాగాక ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. కింది దవడ, ఎడమ భుజం లాగేశాయి. మా గోడౌన్‌లో ఎవరికి ఎక్కడ పట్టేసినా ఒకటే వైద్యం. ఖాళీ సంచుల మీద బోర్లా పడుకోవాలి, అందరిలో బరువైనవాడు వీపెక్కి తొక్కాలి. ఆ బరువైనవాడు మా ముఠా పెద్ద, మల్లేశన్న.

"గ్యాస్ పట్టిందన్నా, జర తొక్కు."

"మెల్లగనా, గట్టిగనా?"

"గట్టిగనే. వదిన మీదున్న కోపమంతా నా మీద తీర్చుకో."

అందరూ నవ్వారు. ఆయన మడమ దిగిన ప్రతిసారీ ఊపిరి నోట్లోంచి తన్నుకొచ్చింది. ఒళ్లంతా చెమట. అరగంట అలా పోయింది. ఆ అరగంటా నా గుండె కండ చచ్చిపోతూ ఉందని తర్వాత తెలిసింది. చివరికి సంచుల మీదే కక్కుకున్నాను. మల్లేశన్న నా మొహం చూసి, భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడు.

ఉప్పల్‌లో మొదట కనపడిన దవాఖానాలో ఈసీజీ తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి "హార్ట్ ఎటాక్" అంది.

"ఇంకా ముప్పై నిండలే మేడం."

"నీ గుండెకు ఆ సంగతి తెలీదు. కదలకు."

ఆ తర్వాతది నాకు గుర్తులేదు, మల్లేశన్న చెప్పిందే. గుండె ఆగి నా కళ్లు తేలిపోయాయట. మగ నర్సు ఒకతను మంచమెక్కి, గుద్దినట్టే ఛాతీ మీద నొక్కాడట. పక్కటెముకలు పటపటా విరిగిన చప్పుడు తెర బయటికి వినపడిందట. షాక్ పెడితే ఒళ్లు మంచం మీంచి ఎగిరిపడిందట. మల్లేశన్న తెర పీకి లోపలికి ఉరికి, ఆ నర్సు కాలర్ పట్టి కిందికి ఈడ్చాడు.

"సంపుతున్నరారా పోరన్ని?"

ఆగిన గుండెను నడిపించే ఆ నొక్కుడు, సీపీఆర్, ఆగిపోయింది. ఇంకో నర్సమ్మ ఆయన్ని గోడకేసి నెట్టింది. "ఆపితేనే సస్తడు! చెయ్యి తియ్యన్నా!"

రెండో షాక్‌కు గుండె కొట్టుకుంది.

అక్కణ్నుంచి అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి. యాంజియో చేసి స్టెంట్ వేశారు. మర్నాడు డాక్టర్ అడిగాడు, "మీ నాన్నకు గుండె జబ్బుండేదా?"

"లేదు సార్. నలభై రెండేండ్లకు గ్యాస్ పట్టి పోయిండు."

ఆయన రాయడం ఆపాడు. "గ్యాస్‌తో ఎవరూ పోరు బాబూ. ఆధార్‌లో నీకు ఇరవై తొమ్మిది. నీ రక్తనాళాలకు యాభై దాటింది. కొంత మీ నాన్న ఇచ్చాడు, మిగతాది గుట్కా ఇచ్చింది."

మా నాన్నా బస్తాలు మోసినవాడే. ఆయన పోయిన రోజు గ్యాసని వీపు తొక్కింది నేను, పదమూడేళ్లవాణ్ని.

ఇంటికొచ్చాక దగ్గితే చాలు, విరిగిన ఎముకలు లోపల కత్తుల్లా కదిలేవి. మూడో వారం, ఆరోగ్యం బాగుందని సిలిండర్ ఎత్తి, కళ్లు తిరిగి గడప మీద పడ్డాను. నుదురు చీలింది. మళ్లీ ఆసుపత్రి, గుండెకు ఎకో స్కానింగ్. "పంపింగ్ తక్కువుంది. బరువులు ఇక వద్దు" అన్నారు. బరువులు తప్ప నాకేం వచ్చు? ఆ కోపంలో మాత్రల డబ్బా గోడకేసి కొట్టాను. స్వరూప నా చెంప పగలగొట్టి, నేల మీద ఒక్కో మాత్రా ఏరింది.

"సచ్చేటోనివైతే గా దినమే సావకపోయినవ్? బతికినవ్ గద, మింగు!"

మింగాను. ఇప్పుడు అదే గోడౌన్‌లో కూర్చుని మిషన్‌తో బస్తాల మూతులు కుడుతున్నాను. గుట్కా లేదు. రోజూ నడక ఉంది. మీకు చెప్పేది ఒకటే. ఛాతీ, దవడ, భుజం పట్టేసి చెమట పడితే వయసు చూసుకోకండి, తొక్కించుకోకండి. ముందు ఈసీజీ తీయించుకోండి.

మొన్న మల్లేశన్నను సతాయించి సతాయించి ఈసీజీకి పంపాను. తిరిగొచ్చాక అడిగాను.

"ఏమన్నరన్నా? అసలు గుండె ఉన్నదా నీకు?"

"ఉన్నదట్రా. నువ్వు గా మంచం మీద ఎగిరిపడ్డ దినం సంది దాని సప్పుడు నాకే ఇనొస్తున్నది."