చింతపండు ఆమ్లానికి ఎన్ని రూపాలు

ఊళ్ళో మా దొరల బంగళా, ఆ గడి, చేయిజారాక దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని డిగ్రీ చదివాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రాజుకుంటున్న రోజులు. ఆర్గానిక్ కెమిస్ట్రీ లెక్చరర్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి కార్బన్ బొమ్మ గీయమన్నాడు. నాలుగు బంధాల్లో ఒకటి మరిచిపోయాను.

"మీ తాతకు ఊరందరిని చేతులు కట్టుకొని నిలవెట్టుడు వచ్చు. నీకు ఒక్క కార్బన్‌కు నాలుగు చేతులు వెట్టుడు రాదా, దొరా?"

క్లాసు గొల్లుమంది. గంటసేపు నన్ను నిలబెట్టే పాఠం చెప్పాడు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లంలో రెండు కార్బన్లకు ఒక్కోదానికి కుడి, ఎడమ అమరికలు ఉంటాయట. కాబట్టి ఆమ్లానికి నాలుగు రూపాలట. నిలబడే రాసుకున్నాను. ఇతన్ని ఇదే క్లాసులో తలదించుకునేలా చేయాలని ఆ గంటలోనే నిశ్చయించుకున్నాను.

ఆ వారమే సమ్మె మొదలై కాలేజీ నెలల తరబడి మూతపడింది. చంపాపేట పొలాల నుంచి బంకమట్టి తెచ్చి ఉండలు చేశాను. కార్బన్‌కు మసి, ఆక్సిజన్‌కు ఇటుకపొడి, హైడ్రోజన్‌కు సున్నం. చీపురుపుల్లలతో గుచ్చాను.

"ఏంది బిడ్డా, లడ్డూలు చేస్తున్నవా?" అంది ఇంటామె.

"కెమిస్ట్రీ అమ్మా."

"జర పైలం. మా పోరి నోట్ల వెట్టుకుంటది."

నాలుగు రూపాలూ చేశాను. మూడోదాన్ని తలకిందులు చేస్తే అచ్చం నాలుగోదే. తప్పు నాదేననుకుని రెండుసార్లు విరగ్గొట్టి మళ్ళీ గుచ్చాను. ఉన్నవి మూడే. తప్పు అతనిది. అంత సంతోషం నాకు ఏ పండుగకూ కలగలేదు.

కాలేజీ తెరిచాక అతను మళ్ళీ బోర్డు మీద నాలుగని రాశాడు. లేచి వెళ్ళి ఆ మూడో, నాలుగో మట్టిబొమ్మలు బల్ల మీద పెట్టాను.

"ఈ రెండూ వేరని చూపండి సార్."

తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఇంకోపాలి తిప్పుండ్రి సార్, మారుతదేమో!" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. ఈసారి నవ్వు నా మీద కాదు.

అతను వంగి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "మా నాయిన మీ గడి ముంగట చెప్పులు చేతవట్టుకొని ఎండల నిలవడెటోడు. ఎరికేనా?"

అలా నిలబడ్డవాళ్ళను చిన్నప్పుడు నేను చూశాను.

"బోర్డు మీద ఎన్నని రాస్తారు సార్?" అన్నాను, అందరికీ వినబడేట్టు.

అతను అరచేత్తో నాలుగును చెరిపి మూడు రాశాడు. అంతవరకూ నేను ఆ బల్ల దగ్గర నుంచి కదలలేదు.